డ్రైవర్ లేని కారెక్కాలంటే గుండె దడ

ప్రశ్న: నా వయసు 61. అమ్మాయి పురిటికని విజయవాడ నుంచి అరిజోనాలోని చాండ్లర్ వచ్చాను. గుడికీ కూరగాయలకీ వేమో అనే డ్రైవర్ లేని టాక్సీ కారులో నన్నే వెళ్లి రమ్మంటోంది. ఒకసారి తనతో కలిసి ఎక్కాను. ముందు సీటు ఖాళీ, స్టీరింగ్ దానంతటదే తిరుగుతోంది. మధ్యలో గబుక్కున ఆగేసరికి కెవ్వుమన్నాను. ‘నీదంతా చాదస్తం’ అని అమ్మాయి నవ్వింది. అల్లుడు తన టెస్లా కారులో స్టీరింగ్ వదిలేసినా నాకు భయమే. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీది చాదస్తం కాదు. ఇన్నేళ్లూ మీరు బండిలో వెనక కూర్చుని డ్రైవర్‌ను చూసి ధైర్యం తెచ్చుకున్నారు. అద్దంలోకి చూశాడా, తల తిప్పాడా, బ్రేకు మీద కాలు వేశాడా అని మనకు తెలియకుండానే గమనిస్తూ ఉంటాం. ఆ ఆనవాళ్లన్నీ ఒక్కసారిగా పోతే గుండె దడదడలాడుతుంది. వాటి బదులు కొత్త ఆనవాళ్లు పట్టుకోవడమే మీరు చేయాల్సింది.

ముందు ఆ రెండు కార్లనూ ఒకే గాట కట్టకండి. వేమోలో నడిపే బాధ్యత పూర్తిగా కారుదే. మీ చాండ్లర్ చుట్టుపక్కల 2020 నుంచి డ్రైవర్ లేకుండానే జనాన్ని తిప్పుతోంది. టెస్లాలోది డ్రైవర్‌కు సాయం చేసే ఏర్పాటు. రోడ్డు మీద చూపు అల్లుడిగారిదే ఉండాలి. 2018 మార్చిలో మీ పక్కనే ఉన్న టెంపీలో, ఉబర్ పరీక్షిస్తున్న, దానంతటదే నడిచే కారు ఢీకొని రోడ్డు దాటుతున్న ఒకామె చనిపోయింది. కారును కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషి చూపు అప్పుడు ఫోన్ మీద ఉంది. కాబట్టి టెస్లాలో మీ భయం సరైనదే, దాన్ని పోగొట్టుకోవద్దు. అల్లుడిగారు ఫోన్ తీస్తే ‘బాబూ, ముందు రోడ్డు చూడు నాయనా’ అని మొహమాటపడకుండా చెప్పండి.

ఇక వేమో సంగతి. వెనక సీట్లో ఎడమవైపు, అంటే ఖాళీ డ్రైవర్ సీటుకు సరిగ్గా వెనక కూర్చోండి. అక్కడి నుంచి స్టీరింగ్ దాదాపు కనబడదు. మీ ఎదురుగా ఉన్న తెరను చూడండి. చుట్టూ ఉన్న కార్లు, నడిచేవాళ్లు, తను వెళ్లబోయే దారి అన్నీ కారు అందులో బొమ్మ గీసి చూపిస్తుంది. కారు నెమ్మదించినప్పుడల్లా ‘ఎందుకు?’ అనుకుని కారణం తెర మీద వెతకండి. మొన్న అది గబుక్కున ఆగిందన్నారు. కారు పైనా పక్కలా ఉన్న కెమెరాలు, రాడార్లు, లైడార్లు (లేజర్ కాంతితో దూరం కొలిచే పరికరాలు) ఒకేసారి అన్ని వైపులా చూస్తాయి. అందుకే మనకంటే ముందే ఏదో కనబడి ఆగుతుంది, ఒక్కోసారి అనుమానానికి కూడా ఆగుతుంది. బెల్టు బిగువుగా ఉంటే ఆ కుదుపు అంతగా తెలియదు.

అలవాటు మాత్రం మెట్టు మెట్టుగానే చేసుకోవాలి. పొద్దున పది గంటలప్పుడు, రద్దీ లేని వేళ, పది నిమిషాల దారి ఒకటి ఎంచుకోండి. ఫ్రీవే (సిగ్నళ్లు లేకుండా కార్లు వేగంగా పోయే పెద్ద రోడ్డు) మీదకు ఇప్పుడే వద్దు. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని అదే దారిలో నాలుగైదుసార్లు తిరగండి. ఎక్కినప్పుడూ దిగినప్పుడూ మీ భయానికి పదికి ఎన్ని మార్కులో కాగితం మీద రాయండి. ఎనిమిది కాస్తా నాలుగుకు దిగాక, అమ్మాయి ముందు సీట్లో, మీరు వెనక ఒక్కరే. తర్వాత మీరొక్కరే ఎక్కండి, ఇంట్లో అమ్మాయి ఫోన్‌లో కారు ఎక్కడుందో చూస్తూ ఉంటుంది. దడ మొదలైతే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. రామనామం చెప్పుకోండి, కానీ కళ్లు మూసుకోవద్దు. కళ్లు మూసుకున్నంతసేపూ ఏమీ కాలేదన్న సంగతి మనసుకు ఎక్కదు.

కారు ఆగి ఉన్నప్పుడు, అమ్మాయి పక్కనుండగానే, తలుపు లోపలి నుంచి తీయడం చేతికి అలవాటు చేసుకోండి. తెర మీద కారును పక్కకు ఆపించే బటన్, సహాయానికి మనిషితో మాట్లాడే బటన్ ఎక్కడున్నాయో చూపించమనండి. ఆపమనగానే అక్కడికక్కడే ఆగదు, ఆగడానికి అనువైన చోటు వెతుక్కుంటుంది. ఆ నిమిషంలోనే చాలామంది కంగారుపడతారు. రోడ్డు పనుల దగ్గరో, అడ్డంగా నిలిపిన లారీ వెనకో కారు ఇరుక్కుంటే మధ్యలో దిగకండి, సహాయం బటన్ నొక్కండి. అవతలివాళ్లు ఇంగ్లీషులో మాట్లాడతారు. ‘కార్ స్టాప్డ్, ప్లీజ్ హెల్ప్’ అన్నా చాలు. దిగాక తలుపు గట్టిగా వేయండి. సరిగా పడకపోతే కారు అక్కడి నుంచి కదలదు. ఒక్కోసారి గుడి గుమ్మం ముందు కాక కాస్త అవతల దింపుతుంది. ఆ ఎండలో నాలుగడుగులైనా కష్టమే, గొడుగు, మంచినీళ్లు దగ్గర పెట్టుకోండి.

అమ్మాయితో ఇలా అనండి: ‘రానని కాదే, ఒక్క వారం నా పక్కన కూర్చో. నవ్వకు.’ పురిటి తర్వాత పసిబిడ్డతో తనకు అన్నిసార్లు రావడం కుదరదు. అందుకే ఈ సాధన కాన్పుకు ముందే మొదలుపెట్టండి. బిడ్డ పుట్టాక మీరొక్కరే ఒళ్లో పెట్టుకుని వేమో ఎక్కకూడదు. పసిపిల్లల సీటు మనమే తెచ్చుకుని వెనక సీట్లో బిగించుకోవాలి. ఆ బిగింపు మీ చేతికి వచ్చేదాకా బిడ్డతో ప్రయాణాలు అమ్మాయికో అల్లుడిగారికో వదిలేయండి.