లభ్యతకు సూత్రం ఉండగా సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ ఎందుకు?

యంత్రం సగటున 490 గంటలు నడిచి ఆగిపోయి, 10 గంటల్లో బాగైతే లభ్యత, అంటే అది పనిచేసే స్థితిలో ఉండే సమయం వాటా, 98 శాతం. విడిభాగం చేతిలో ఉంటేనే ఈ లెక్క. దానికోసం ఇంకో ఐదు రోజులు ఎదురుచూస్తే 79 శాతమే. కాబట్టి అసలు ప్రశ్న, స్టోరులో ఎన్ని ఉంచాలన్నది.

ఇక్కడే సగటు మోసం చేస్తుంది. ఒక రకం పంపులు సగటున 2 రిపేరులో ఉంటాయనుకుందాం. స్పేర్లూ (అదనపు పంపులూ) 2 పెడితే సరిపోతుందనిపిస్తుంది. కానీ యాదృచ్ఛికంగా జరిగే ఘటనల సంఖ్యను అంచనా వేసే పాయిజాన్ లెక్కన దాదాపు 32 శాతం సమయం రిపేరులో రెండుకు మించే ఉంటాయి, అంటే ఏదో ఒక యంత్రం పంపు లేక ఆగినట్టే. 4 పెడితే ఇది 5 శాతానికి దిగుతుంది. దీనికి పునాది స్వీడన్‌కు చెందిన కోనీ పామ్ సిద్ధాంతం. క్రెయిగ్ షెర్‌బ్రూక్ 1968లో ప్రచురించిన మెట్రిక్ (METRIC) అనే స్పేర్ల నమూనా దీన్ని విమాన స్థావరాలు, వాటి వెనక రిపేర్లు చేసి స్పేర్లు పంపే డిపో దాకా తీసుకెళ్లింది.

ఈ లెక్కలన్నీ పనిభారం నిలకడగా ఉంటుందని నమ్ముతాయి. వైమానిక దళం ఎగిరే గంటలను ఉన్నట్టుండి రెట్టింపు చేస్తే? రిపేరులో భాగాలను పరీక్షించే ఒకే ఒక్క టెస్ట్ బెంచ్ ముందు క్యూ పెరిగితే? స్వీడన్ సంస్థ సిస్టెకాన్ తయారుచేసిన సిమ్‌లాక్స్ లాంటి సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లు అప్పుడు పనికొస్తాయి. ప్రతి వైఫల్యాన్నీ, రవాణానూ, రిపేరునూ కాలక్రమంలో యాదృచ్ఛికంగా నడిపించి, లభ్యత ఏ వారంలో కుంగుతుందో చూపిస్తాయి. ఒక్క రన్ (ఒకసారి నడిపిన సిమ్యులేషన్) చూసి స్పేర్లు ఆర్డర్ చేయకండి, వందల రన్‌ల ఫలితాలు ఎంత తేడాగా వస్తున్నాయో చూడండి. వైఫల్య రికార్డులు కాకిలెక్కలైతే మాత్రం లైసెన్సు డబ్బు దండగ.