మంచి ఎలక్ట్రిక్ గిటార్‌లో పనితనం ఎక్కడ ఉంటుంది?

ఎలక్ట్రిక్ గిటార్‌లో శబ్దమంతా పికప్‌లు (తీగల కదలికను కరెంటుగా మార్చే భాగాలు), యాంప్ (ఆ శబ్దాన్ని పెంచే పెట్టె) నుంచే వస్తున్నప్పుడు తయారీ మీద అంత శ్రద్ధ ఎందుకని, బాగా చేసిన గిటార్‌ని ఎలా గుర్తుపట్టాలని అడిగారు. నేను పదమూడేళ్లుగా వాయిస్తున్నాను. మొదట్లో నేనూ మీలాగే అనుకునేవాణ్ణి.

నా మొదటి గిటార్ చూడ్డానికి ఎంతో బాగుండేది. ముందువైపు పులిచారల్లా మెరిసే మేపుల్ పొర. కానీ జి తీగ శ్రుతిలో నిలిచేది కాదు. బెండ్ చేసి, అంటే నొక్కిన తీగను పక్కకు లాగి, వదిలితే చాలు, శ్రుతి కాస్త కిందికి దిగిపోయేది. ట్యూనింగ్ కీలు బాగాలేవనుకుని మొత్తం సెట్ మార్చాను. ఏమీ తేడా రాలేదు. రెండేళ్ల తర్వాత గిటార్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే, ఆయన కీ తిప్పి చెవి పెట్టి విన్నారు. "టింగ్" మని చిన్న చప్పుడు. నట్‌లో, అంటే గిటార్ మెడ పైచివర తీగలు ఆనే చిన్న ముక్కలో, ఆ తీగ కూర్చునే గాడి ఇరుగ్గా ఉంది. బెండ్ చేసినప్పుడు జారిన తీగ మళ్లీ వెనక్కి రాలేక అక్కడే పట్టుకుపోతోంది. సన్నటి ఆకురాయితో నాలుగైదుసార్లు రాశారు, అంతే. ఆ రోజు నుంచి గిటార్‌ని చూసే పద్ధతే మారిపోయింది నాకు.

పనితనం ఎక్కువగా ఇలాంటి చోట్లే ఉంటుంది. నెక్ (గిటార్ మెడ) మీద అడ్డంగా బిగించిన లోహపు బద్దలు, ఫ్రెట్ల సంగతే చూడండి. 22 ఫ్రెట్లుంటే 44 కొసలు. గాలి పొడిబారినప్పుడు చెక్క కుదించుకుపోతుంది, లోహం అలాగే ఉంటుంది, దాంతో కొసలు బయటికి పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి. శ్రద్ధగా చేసినవాళ్లు ప్రతి కొసనూ విడిగా గుండ్రంగా రాస్తారు, ఫ్రెట్లు బిగించిన చెక్క (ఫ్రెట్‌బోర్డ్) అంచును కూడా కొంచెం నున్నగా చేస్తారు. అలాంటి నెక్ మీద చెయ్యి జరుపుతుంటే ఎన్నో ఏళ్లు వాడి అరిగిన చెక్కలా అనిపిస్తుంది.

ఇది నాకు అర్థమైంది ఒక మిత్రుడి టెలికాస్టర్ అనే ఫెండర్ కంపెనీ గిటార్ చేతికొచ్చినప్పుడు. చూడ్డానికి ఏమీ లేదు, ఒక పలక, దానికో నెక్. 1950లో బ్రాడ్‌కాస్టర్ పేరుతో వచ్చి, 1951లో టెలికాస్టర్ అయిన డిజైన్ ఇది. దీన్ని రూపొందించిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి, గిటార్ వాయించడం ఆయనకు రాదు. నెక్‌ని జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలతో బిగించడం నాకు మరమ్మతు తెలిసినవాడి ఆలోచనలా కనిపిస్తుంది. చెడిపోతే విప్పి మార్చుకోవచ్చు. తర్వాత అలాంటిదే ఒకటి కొనుక్కున్నాను. ఒకసారి నాలుగు స్క్రూలూ తీసేసినా నెక్ ఊడి రాలేదు, అంత బిగువుగా కూర్చుంది. దానివల్ల నాదం పెరుగుతుందని నేను వాదించను. కానీ ఆ అమరిక వదులైతే నెక్ పక్కకు జరిగి, చివరి తీగ ఫ్రెట్‌బోర్డ్ అంచు దాటి జారిపోతుంది. నాది ఇన్నేళ్లలో ఒక్కసారీ జరగలేదు.

శబ్దం గురించి మీరన్నది చాలావరకు నిజమే. స్టీల్ తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, పికప్ చుట్టలో కరెంటు పుడుతుంది, యాంప్ దాన్ని పెంచుతుంది. కానీ పికప్ కూడా ఒకరు చేసిన వస్తువే కదా. వెంట్రుకలాంటి రాగి తీగను వేలసార్లు చుట్టాలి. గిబ్సన్ గిటార్ కంపెనీలో పనిచేసిన సెత్ లవర్ 1955లో హంబకర్ అనే రెండు చుట్టల పికప్‌కి పేటెంట్ దరఖాస్తు చేశారు. రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపితే కరెంటు గుయ్యిమనే చప్పుడు పోతుంది, నాదం ఒత్తుగా, మెత్తగా అవుతుంది. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌లో ఆ చప్పుడు ఉంటుంది, కానీ మీటిన ప్రతి దెబ్బా గాజులా స్పష్టంగా వినిపిస్తుంది. నాకు రెండోదే ఇష్టం.

గిటార్ స్వభావం వేళ్లకు కూడా తెలుస్తుంది. చాలా ఫెండర్లలో తీగ పొడవు 25.5 అంగుళాలు, చాలా గిబ్సన్లలో సుమారు 24.75. ముప్పావు అంగుళం తేడా. అదే మందం తీగలు వేసి అదే శ్రుతి పెడితే ఫెండర్‌లో బిగువు ఎక్కువ. అందుకే బెండ్‌కి కొంచెం ఎక్కువ బలం కావాలి. వాల్యూమ్ నాబ్ కూడా తిప్పి చూడండి. నా టెలికాస్టర్‌లో 10 నుంచి 6కి తగ్గిస్తుంటే యాంప్‌లోని కరుకుదనం మెల్లగా కరిగిపోతుంది. మొదటి గిటార్‌లో 9 దగ్గరే సగం శబ్దం పోయేది.

కాబట్టి గిటార్ చూడ్డానికి వెళ్తే ముందు యాంప్‌కి కలపకుండానే వాయించండి. నెక్ రెండు అంచుల మీదా బొటనవేలు జరపండి. ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్ నొక్కి, ఎక్కడైనా జరజరమంటుందేమో వినండి. జి తీగను బాగా బెండ్ చేసి వదిలి, ట్యూనర్‌లో చూడండి. ఇప్పటికే మీ దగ్గరున్న గిటార్ వీటిలో దేంట్లోనైనా తప్పితే వెంటనే కొత్తది కొనకండి, నట్, ఫ్రెట్లు సరిచేయించి చూడండి. పులిచారల గిటార్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఫ్రెట్ల కొసలు కూడా రాయించాక రోజూ పొద్దున ప్రాక్టీసుకి దాన్నే తీస్తున్నాను.