ఒంటరిగా ఉన్నామని పిల్లిని తెచ్చుకునే ముందు

కొత్త దేశం, ఒక్కదాన్నే ఉంటున్నాను, సాయంత్రం తలుపు తీస్తే పలకరించే ప్రాణం లేదు, పిల్లిని తెచ్చుకోనా అక్కా అని అడిగావు. తెచ్చుకో చెల్లీ. నేనూ అలాగే తెచ్చుకున్నాను, ఇన్నేళ్ళుగా పిల్లులతోనే ఉన్నాను, మొదట్లో తప్పులూ చేశాను కాబట్టి కాస్త నా మాట విను. నీ ఒంటరితనం గురించి ఎంత ఆలోచించావో దాని ఒంటరితనం గురించి కూడా అంత ఆలోచించు. కొత్తగా వచ్చినవాళ్ళు ఈ రెండోది అడగరు.

అద్దె ఇంట్లో జంతువుల్ని ఉంచుకోవచ్చా, మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్), రేబిస్ టీకా తప్పనిసరా అన్నవి ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, నీ అగ్రిమెంటులోనూ ప్రభుత్వం సైట్లోనూ చూసుకో.

వచ్చిన కొత్తలో నేను, పిల్లి కదా, కుక్కలాగా మనిషి కోసం బెంగపెట్టుకోదు, గిన్నె నిండా డ్రై ఫుడ్ పోసి వెళ్తే చాలు అనుకునేదాన్ని. పగలంతా ఆఫీసు, ఇంటికొచ్చాక మనవాళ్ళతో ఫోన్లో మాటలు, అది పక్కనే కూర్చుని చూస్తూ ఉండేది. పగలంతా తినడం, పడుకోవడం, దాంతో బరువెక్కింది. నేను పడుకునే వేళకి మాత్రం సోఫా గీకడం, అరుపులు, పరుగులు. కొన్నాళ్ళకి పొట్ట మీద బొచ్చు ఊడిపోయేలా నాక్కోవడం మొదలుపెట్టింది. చర్మానికేదో వచ్చిందని వెట్ (జంతువుల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ పరీక్షలన్నీ చేసి, ఒంట్లో ఏమీ లేదు, టెన్షన్ కావచ్చు, ఇంట్లో దానికి రోజు ఎలా గడుస్తుందో చెప్పండి అంది. చెప్పడానికి ఏమీ లేదు. నేను లేనప్పుడు దాని రోజులో ఏమీ లేదు, ఉన్నప్పుడూ పెద్దగా లేదు.

పిల్లి రోజుకి 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది, నిజమే, కానీ అది వేటాడే జంతువు. పొంచి చూడాలి, దూకాలి, పట్టుకోవాలి, తినాలి, ఒళ్ళు నాక్కుని పడుకోవాలి, ఇదీ దాని వరస. అందుకే ముందు ఆట, ఆ తర్వాతే తిండి. కర్రకి ఈకలు కట్టిన బొమ్మతో పొద్దున కాసేపు, రాత్రి నువ్వు పడుకునే ముందు ఇంకాసేపు, 10, 15 నిమిషాలు ఆడించు. బొమ్మని దాని మొహం మీదికి తేకు, ఎలుక పారిపోతున్నట్టు దూరంగా లాగు, చివర్లో మాత్రం పట్టుకోనివ్వు. లేజర్ లైటుతో పట్టుకునేదేమీ ఉండదు, చిరాకే మిగులుతుంది. నువ్వు లేని గంటల కోసం కిటికీ దగ్గర ఎత్తులో కూర్చునే చోటు పెట్టు, కిటికీకి గట్టి జాలీ ఉండాలి, పై అంతస్తుల నుంచి పిల్లులు పడిపోతుంటాయి. గీక్కునే స్తంభం ఒళ్ళంతా సాగదీసుకునేంత ఎత్తుగా, కదలకుండా ఉండాలి, దాన్ని సోఫా పక్కనే పెట్టు. ఇవన్నీ చేశాక నా పిల్లికి బొచ్చు మెల్లగా మళ్ళీ వచ్చింది.

తోడుగా ఇంకో పిల్లిని తెచ్చేయమని చాలామంది చెప్తారు. ఒకే ఈత పిల్లలు రెండు ఒకేసారి దొరికితే తెచ్చుకో, చాలా మంచిది. ఎదిగిన పిల్లి ఉన్న ఇంట్లోకి ఇంకోదాన్ని హఠాత్తుగా వదిలితే మాత్రం అది తోడు కాదు, శత్రువు. వేరే గదిలో ఉంచి, ముందు వాసన అలవాటు చేసి, వారాల తరబడి ఓపిక పట్టాలి.

ఇంకో సంగతి. పిల్లి జబ్బుని దాచుకుంటుంది, నీ ఇంట్లో దాన్ని గమనించే కళ్ళు నీవి మాత్రమే. లిట్టర్ ట్రే, అంటే అది మలమూత్రాలకి వెళ్ళే ట్రే, రోజూ నువ్వే శుభ్రం చెయ్యి, ఎందుకంటే జబ్బు ముందు అక్కడే తెలుస్తుంది. మగపిల్లి ట్రేలో మళ్ళీ మళ్ళీ కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోతే అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి పరిగెత్తు, తెల్లారేదాకా ఆగితే ప్రాణం మీదికి రావచ్చు. ఒక రోజంతా ఏమీ తినకపోతే వెట్‌కి ఫోన్ చెయ్యి, లావుగా ఉన్న పిల్లి కొన్ని రోజులు పస్తుంటే లివర్ పాడవుతుంది. నీళ్ళు మామూలు కంటే ఎక్కువ తాగుతూ చిక్కిపోతుంటే కిడ్నీ, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించు.

తిండి విషయం తేలికే. నువ్వు మాంసం తినకపోయినా దానికి మాంసం కావాలి, అందులోని టారిన్ అనే పోషకం లేకపోతే చూపూ గుండే దెబ్బతింటాయి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. ఉల్లి, వెల్లుల్లి, పారాసిటమాల్, లిల్లీ పువ్వులు, కుక్కలకి పురుగులు పోవడానికి ఒంటి మీద వేసే పెర్మెత్రిన్ మందు, ఇవన్నీ దానికి విషం.

ఇక అందరూ వాయిదా వేసేది, నువ్వు సెలవులకి మన దేశం వెళ్ళినప్పుడు దాని సంగతి. మెషిన్ తిండి పోస్తుంది కానీ అది తిన్నదో లేదో చూడదు. రోజూ వచ్చే మనిషి కావాలి, ఆ మనిషి ముందునుంచీ దానికి తెలిసి ఉండాలి. నాకు ఇక్కడ మొదటి స్నేహితురాలు అలాగే దొరికింది, పై అంతస్తులో ఉండేది, ఆమె ఊరెళ్తే నేను, నేను వెళ్తే ఆమె. సిగ్గుపడకుండా పక్కింటి తలుపు తట్టు. టికెట్ కొనకముందే మనిషిని చూసుకుని, తాళం చెవితో పాటు వెట్ నంబరు, ఎమర్జెన్సీ వస్తే వైద్యం చేయించమని నువ్వు సంతకం పెట్టిన కాగితం ఇచ్చి వెళ్ళు.