సోషల్ వర్క్ విద్యార్థులకు వృత్తి నైపుణ్యం, బోధనా నైపుణ్యం ఎలా అలవడతాయి?

ఈ రెండు నైపుణ్యాలకూ పునాది క్షేత్రశిక్షణే, అంటే సూపర్‌వైజర్ పర్యవేక్షణలో ప్రజల మధ్య నేరుగా పనిచేస్తూ నేర్చుకోవడమే. అమెరికాలో సోషల్ వర్క్ కోర్సులకు గుర్తింపునిచ్చే మండలి 2008లో దానినే ఈ విద్యకు ప్రత్యేకమైన బోధనా పద్ధతిగా ప్రకటించింది. అయితే, క్షేత్రానికి పంపినంత మాత్రాన నైపుణ్యం రాదు. ఒక కుటుంబంతో జరిపిన సంభాషణను విద్యార్థి గుర్తున్నంతవరకు మాటకు మాటగా రాసి, ఆయా చోట్ల తనకు ఏమనిపించిందో, ఆ ప్రశ్న ఎందుకు అడగవలసి వచ్చిందో పక్కనే నమోదు చేసి, సూపర్‌వైజర్‌తో కూర్చొని చర్చించినప్పుడే, తాను వినడం మానేసి సలహాలు ఇవ్వడం మొదలుపెట్టిన క్షణం ఏదో స్పష్టంగా కనబడుతుంది. ప్రాసెస్ రికార్డింగ్ అనే ఈ పద్ధతికి చాలా సమయం పడుతుంది. అయినా ఆ కారణంతో దీనిని వదిలేయడం విద్యార్థికి అన్యాయం చేయడమేనని నా దృఢమైన అభిప్రాయం. ఆ రాతల్లో కుటుంబ సభ్యుల నిజమైన పేర్లు మాత్రం ఉండకూడదు.

తల్లిదండ్రులకు, వాలంటీర్లకు, చిన్న బృందాలకు విషయాన్ని వివరించడం ఈ వృత్తిలో నిత్యం ఎదురయ్యే పని కాబట్టి బోధననూ సాధన చేయించాలి. ఉపాధ్యాయ శిక్షణ కోసం 1960వ దశకంలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన మైక్రోటీచింగ్ ఇందుకు బాగా ఉపకరిస్తుంది: విద్యార్థి కొద్ది నిమిషాల పాఠం చెప్పి, విన్నవారి అభిప్రాయాలు తెలుసుకొని, లోపాలు సవరించుకొని, అదే పాఠాన్ని మరొక బృందానికి మళ్లీ చెబుతాడు.