ఆదాయ పరిమితి కొంచెం దాటిందని సాయం ఇవ్వలేదు. వైద్యం ఖర్చులు ఎలా నెట్టుకురావాలి?

జీతం పరిమితి కన్నా కాస్త ఎక్కువుందని దరఖాస్తు తిప్పి పంపేశారని, అమ్మగారి మందులకే నెలనెలా చేతులెత్తేయాల్సి వస్తోందని రాశారు. ఇలాంటి స్థితి నుంచి ఎవరైనా బయటపడ్డారా అని అడిగారు. మేం బయటపడ్డామండి, పూర్తిగా కాకపోయినా.

నాలుగేళ్ల కిందట మా ఆయనకి షుగరు, బీపీ రెండూ ఒకేసారి బయటపడ్డాయి. అదే ఏడాది మాకూ సాయం రాదంటూ అలాంటి ఉత్తరమే వచ్చింది. పరిమితి ఎంత దాటామంటే, ఆయన మూడు నెలలు చేసిన ఓవర్‌టైమ్ అంత. ఆ ఓవర్‌టైమ్ చేసిందేమో మందుల కోసం. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఉత్తరం మడిచి బీరువాలో పెట్టేశాం. మా మొదటి తప్పు అదే. ఐదు నెలలయ్యాక తెలిసినావిడ ఒకామె దాన్ని చదివి, "ఏ నెలల జీతం లెక్కేశారో చూశారా?" అని అడిగింది. చూస్తే ఆ మూడు ఓవర్‌టైమ్ నెలలే తీసుకుని, ఏడాదంతా అంతే వస్తుందన్నట్టు లెక్క కట్టారు. అప్పటికి అప్పీలు గడువు అయిపోయింది. పన్నెండు నెలల పే స్లిప్పులు పెట్టి మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేశాం. పూర్తి సాయం రాలేదు కానీ కొంత రాయితీ వచ్చింది.

కాబట్టి ఆ ఉత్తరాన్ని మళ్లీ చదవండి. కోతలకి ముందు జీతం చూశారా, చేతికొచ్చేది చూశారా? మీ మీద ఆధారపడిన అమ్మగారిని కుటుంబంలో లెక్కపెట్టారా? కొన్ని పథకాల్లో వైద్యం ఖర్చుని ఆదాయంలోంచి తీసేసి చూస్తారు, కానీ రసీదులు మనమే పెట్టాలి. ఇంకోటి, అన్నిటికీ ఒకటే పరిమితి ఉండదు. మందుల రాయితీకి ఒకటి, ఆసుపత్రి సొంత సహాయ నిధికి ఇంకొకటి ఉంటుంది. ఒకచోట కాదన్నారని మేం మిగతావేవీ అడగనే లేదు.

దరఖాస్తులో "కష్టంగా ఉంది" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇంటి ఖర్చు మొత్తంలో పదో వంతు దాటి వైద్యానికి జేబులోంచి పోతే, దాన్ని మోయలేని భారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు లెక్కల్లో చాలా ఏళ్లు చూశారు. రెండోసారి నేను మా నెల ఖర్చు రాసి, అందులో నాలుగో వంతు మందులకే పోతోందని రసీదులతో చూపించాను.

ఇక అసలు సంగతి. మా ఆయన నాకు చెప్పకుండా బీపీ మాత్ర రోజు విడిచి రోజు వేసుకునేవారు. నాకెలా తెలిసిందంటే, మాత్రల షీటు వెనక మొదలుపెట్టిన తేదీ పెన్నుతో రాసే అలవాటు నాది. పదిహేను మాత్రల షీటు, తేదీ చూస్తే ఎప్పుడో అయిపోవాలి. వేలితో తడిమితే ఇంకా ఆరు మాత్రలు గట్టిగా తగిలాయి. అడిగేలోపే ఒక రాత్రి తల పగిలిపోతోందని ఆసుపత్రికి పరుగెత్తాం. రెండు రోజుల బిల్లుతో ఏడాది మాత్రలు వచ్చేవి.

మాత్ర ఎందుకు మానేశారని డాక్టరమ్మ అడిగితే ఆయన గోడకేసి చూస్తున్నారు. "డబ్బుల్లేక" అని నేనే అనేశాను. ఆ ఒక్క మాట అనడానికి మాకు రెండేళ్లు పట్టింది. ఆమె ఏమీ అనలేదు. మందుల చీటీ తీసుకుని కొన్ని పేర్లు కొట్టేయడం మొదలుపెట్టారు. రెండు మందులు కలిపిన ఖరీదైన మాత్ర బదులు అవే రెండూ విడివిడిగా జనరిక్‌లో రాశారు. ఒక విటమిన్ అక్కర్లేదన్నారు. నెలనెలా చేయించే టెస్టు మూడు నెలలకోసారి చాలన్నారు. ఖర్చు సగానికి దిగింది. షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్, బీపీకిచ్చే ఆమ్లోడిపిన్ లాంటివి పాత మందులు. పేటెంట్లు ఎప్పుడో ముగిశాయి, చాలా కంపెనీలు తయారు చేస్తాయి, అందుకే చవక. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977 నుంచి ఇస్తున్న అత్యావశ్యక మందుల జాబితాలో ఇప్పుడు ఈ రెండూ ఉన్నాయి. అమ్మగారి చీటీ పట్టుకెళ్లి, ఇంతకన్నా తక్కువలో అయ్యే దారి ఉందా అని సూటిగా అడగండి. మొహమాటపడితే మందులే మానేయాల్సి వస్తుంది. కానీ మీ అంతట మీరు మార్చకండి. థైరాయిడ్, మూర్ఛ మందులైతే కంపెనీ మార్చేటప్పుడు కూడా డాక్టరుకి చెప్పాలి. నిదానంగా కరిగే మాత్రల్ని పొదుపు కోసం విరిచి వేసుకోకూడదు.

ఆ బిల్లు దగ్గర ఇంకో పొరపాటు చేశాను. కంగారులో సగం క్రెడిట్ కార్డు మీద కట్టేశాను. తర్వాత ఆసుపత్రిలో బిల్లుల విషయంలో సాయపడే సోషల్ వర్కర్ ఉంటారని తెలిసి వెళ్తే, మాఫీ బాకీ ఉన్నదానికే కానీ కట్టేసినదానికి కుదరదన్నారు. కార్డు మీదకి వెళ్లాక అది వైద్యం బిల్లు కాదు, మామూలు అప్పు, వడ్డీతో సహా. మిగిలిన సగంలో కొంత తగ్గించి, మిగతాది వడ్డీ లేకుండా పది నెలల వాయిదాలు వేశారు. అంతకుముందు వివరంగా బిల్లు అడిగితే, రెండో రోజు సాయంత్రమే ఇంటికెళ్లిన మాకు మూడో రోజు గది అద్దె కూడా వేసి ఉంది. తీసేశారు. అడక్కపోతే కట్టేసేవాళ్లం.

ఓవర్‌టైమ్ మానేయమని మీకు చెప్పను. అలా అందరూ తేలిగ్గా సలహా ఇస్తారు కానీ ఆ డబ్బు మనకి అవసరమే కదా. ఇప్పుడు మాత్రం ఆయన ఒప్పుకునే ముందు ఇద్దరం కాగితం మీద వేసుకుంటాం: వచ్చేదెంత, దానివల్ల రాయితీ పోతే పోయేదెంత. పోయిన నెల ఒకసారి వద్దనుకున్నాం, ఒకసారి వెళ్లారు.

మీ ఉత్తరం ఎప్పుడొచ్చిందో రాయలేదు. ముందు దాని మీద అప్పీలు గడువు ఎంతుందో చూడండి, ఈ రోజే. మిగతావి తర్వాత చేసుకోవచ్చు.