అమెరికా వెళ్లాక టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని దొరుకుతుందంటున్నారు, నమ్మొచ్చా?

ప్రశ్న: సార్, అమెరికాలో ఎమ్మెస్‌కి అడ్మిట్ వచ్చింది గానీ లెటర్లో ఫండింగ్ ఊసే లేదు. అక్కడికెళ్లాక టీఏ, ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) పనులు ఈజీగా దొరుకుతాయంటున్నారు, నిజమేనా?

జవాబు: ఆ మాట నమ్ముకుని మాత్రం లోన్ తగ్గించుకోకండి. చాలా డిపార్ట్‌మెంట్లలో ముందు పీహెచ్‌డీ వాళ్లకి ఇచ్చాకే ఎమ్మెస్ వాళ్ల వంతు. టీఏ అంటే ల్యాబ్ సెక్షన్లు చూడ్డం, పేపర్లు దిద్దడం, ఆర్ఏ అయితే ఎక్కువగా ప్రొఫెసర్‌కి రీసెర్చ్ కోసం వచ్చే గ్రాంట్ డబ్బుల్లోంచి వస్తుంది కాబట్టి గ్రాంట్ అయిపోతే అదీ ఆగిపోవచ్చు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద క్లాసులు నడిచేటప్పుడు క్యాంపస్‌లో పనికి వారానికి 20 గంటలే లిమిట్.

ఆఫర్ వస్తే జీతం కంటే ముందు ట్యూషన్ వేవర్ (ట్యూషన్ ఫీజు మాఫీ) ఎంత శాతమో చూడండి, పూర్తి వేవర్ అన్నా స్టూడెంట్ ఫీజులు మీ నెత్తినే పడొచ్చు, హెల్త్ ఇన్సూరెన్స్ కూడా, పైగా స్టైపెండ్‌కి మామూలుగా ట్యాక్స్ ఉంటుంది. గంటల లెక్కన ఇచ్చే గ్రేడర్ (పేపర్లు దిద్దే) పనికి సాధారణంగా వేవర్ రాదు, టీఏ, గ్రేడర్ రెండూ ఒకటే అనుకునేవాళ్లు బోలెడుమంది!

ఆర్ఏ అడుగుతూ ప్రొఫెసర్లకి ఒకే మెయిల్ యాభై మందికి కొట్టకండి, వాళ్లకిట్టే తెలిసిపోతుంది. ఆ ప్రొఫెసర్ ఈమధ్య రాసిన రీసెర్చ్ పేపరొకటి చదివి, అందులో మీరేం చేయగలరో నాలుగు లైన్లు రాయండి. చాలా యూనివర్సిటీల్లో ఫండింగ్ ఆఫర్లకి జవాబు చెప్పడానికి ఏప్రిల్ 15 దాకా టైముంటుంది, ఆఫర్ వచ్చినవాళ్లలో కొందరు వద్దంటారు, కాబట్టి ఆ తర్వాత డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌ని ఇంకోసారి అడగండి.