కొలిచింది రాయి, ఎలా కొలిచావో కూడా రాయి

చి. చిన్నీకి,

అత్త ఆశీస్సులు. ప్రకృతి వనరులు, సంరక్షణ చదవబోతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. గొంతులో సగం సంతోషం, సగం బెంగ. "మరీ చిన్న కాలేజీ అక్కా, పేరు కూడా ఎవరూ విని ఉండరు" అన్నాడు. నాకు దాని గురించి బెంగ లేదు. నా బెంగ వేరే ఉంది, అది చివర్లో చెప్తాను, అక్కడిదాకా ఓపిగ్గా చదువు.

చిన్న కాలేజీ అయితే చెట్లు కొలిచే టేపు నీ చేతికి అందుతుంది. ఎనభై మంది ఉన్న క్లాసులో ముగ్గురు కొలుస్తారు, మిగతావాళ్ళు చూస్తూ నిలబడతారు. లోటూ ఉంది. చెప్పేవాళ్ళు నలుగురే అయితే, ఒకరు సెలవు పెడితే ఆ సబ్జెక్టు అటకెక్కినట్టే. అందుకని ఫీజు కట్టకముందే అడుగు: టర్మ్‌కి ఫీల్డులో గడిపేది ఎన్ని రోజులు? నడిచి వెళ్ళే దూరంలో మీరు కొలుచుకునే నేల ఉందా? స్టాటిస్టిక్స్, మట్టిశాస్త్రం ఎవరు చెప్తారు? పాత బ్యాచ్‌లు రాసిన ఫీల్డు కాగితాలు దాచారా, చూపిస్తారా? ఆ చివరిదానికి "బీరువాలో ఎక్కడో ఉండాలి" అంటే మొహమాటపడకుండా, ఆ బీరువా తీయించి చూడు.

స్టాటిస్టిక్స్ మొదటి ఏడాదే తీసుకో. మూడో ఏడాదికి వాయిదా వేస్తే, ఈలోపు సేకరించినదంతా దారి పక్కన అందుబాటుగా ఉన్న చోట్లలోదే అయ్యుంటుంది. దారి పక్క అడవికి వెలుతురెక్కువ, మేత ఎక్కువ, నరుకుడు ఎక్కువ. ఆ లెక్క లోపలి అడవికి పనికిరాదు, తర్వాత ఏ సూత్రం పెట్టినా బాగుపడదు. మ్యాపులు గీసే క్యూజీఐఎస్, లెక్కలు కట్టే ఆర్ రెండూ ఉచితం కనుక సాఫ్ట్‌వేర్ లేదన్న సాకు చెల్లదు. ఫీల్డు పుస్తకంలో పెన్సిలే వాడు, పెన్ను సిరా వానకి కరిగిపోతుంది.

ఇక అసలు సంగతి. కాలేజీల పాత లెక్కలు తిరగేస్తే చెట్లు సన్నబడిపోతూ కనిపిస్తాయి. మొదటిసారి 31.2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న చెట్టు మూడేళ్ళకి 30.6 అయ్యుంటుంది. చెట్టుకేమీ కాలేదు, కొలిచిన చోటు మారింది. ఏడాదిలో చెట్టు లావెక్కేది చాలాసార్లు కొన్ని మిల్లీమీటర్లే. టేపు కాస్త పైకో కిందికో జరిగితే ఆ పెరుగుదలంతా మింగేస్తుంది.

జరగడానికి దారులు బోలెడు. కొలిచే ఎత్తు చాలా దేశాల్లో 1.3 మీటర్లు, అమెరికా, ఇండియాల్లో 1.37. వాలు నేల మీద ఆ ఎత్తు చెట్టుకి ఎగువవైపు నుంచి తీయాలని అటవీ లెక్కల్లో ఎక్కువమంది అంటారు, దిగువవైపు నుంచి తీసే ఉష్ణమండల ప్లాట్లూ (చెట్లు కొలవడానికి హద్దులు పెట్టుకున్న అడవి ముక్కలు) ఉన్నాయి. ఏదైనా సరే, ఒకటే పట్టుకో, ఏది పట్టుకున్నావో రాసిపెట్టు. వంగిన చెట్టుకి వంగిన వైపు కిందిభాగం వెంట కాండాన్నంటి కొలవాలి, నిట్టనిలువుగా కాదు. ఆ ఎత్తుకి కిందే రెండుగా చీలితే రెండు కాండాలుగా రాయి. చెట్టు మొదట్లో రెక్కల్లా లేచిన వేళ్ళుంటే, అవి ముగిసిన చోటికి అర మీటరు పైన కొలిచి, ఎంత ఎత్తులో కొలిచావో పక్కనే రాయి. తీగలు అల్లుకుంటే వాటి కిందనుంచి టేపు దూర్చు, కొయ్యకు. టేపు వెనకవైపు జారిందేమో చుట్టూ తిరిగి చూడు. అందరూ బద్ధకించేది ఇక్కడే.

కొలిచిన చోట పెయింటుతో గీత గియ్యి. నంబరు బిళ్ళ మేకు మాత్రం ఆ గీత మీద కొట్టకు. మేకు చుట్టూ కాండం ఉబ్బి కొలత పాడవుతుంది. గీతకి 30 సెంటీమీటర్లు పైన, అల్యూమినియం మేకు, కొన్ని సెంటీమీటర్లు బయటికి ఉంచి కొట్టు. పూర్తిగా దిగ్గొడితే చెట్టు లావెక్కి బిళ్ళని మింగేస్తుంది. మళ్ళీ కొలిచేటప్పుడు అదే నెలలో కొలువు. ఎండాకాలంలో నీరు తగ్గి కాండం నిజంగానే కాస్త కుంచించుకుంటుంది.

ఇంకో ప్రమాదం కాగితం మీద జరుగుతుంది. టేపులు రెండు రకాలు. మామూలు టేపు చుట్టుకొలత చూపిస్తుంది, వ్యాసం టేపు మీద అంకెలు ముందే π (పై, అంటే 3.14)తో భాగించి అచ్చేసి ఉంటాయి. 94.2 సెంటీమీటర్ల చుట్టుకొలత అంటే 30 సెంటీమీటర్ల వ్యాసం, కాండం కోత వైశాల్యం 0.0707 చదరపు మీటర్లు. అదే 94.2ని పొరపాటున వ్యాసం గడిలో వేస్తే 0.697 వస్తుంది, దాదాపు పదింతలు! ప్లాటంతా అలాగే వేస్తే వెంటనే దొరికిపోతుంది. సగం చెట్లు ఒకరు ఒక టేపుతో, సగం ఇంకొకరు రెండో రకంతో కొలిస్తేనే గండం. పేజీ తలమీద ఏ టేపో రాయమని నీకు వందసార్లు చెప్పినా తక్కువే.

పనామాలో బారో కొలరాడో దీవి మీద 50 హెక్టార్ల ప్లాటు ఉంది. వ్యాసం 1 సెంటీమీటరు దాటిన ప్రతి కాండాన్నీ 1980ల మొదట్లోనే కొలిచారు, 1985 నుంచి ఐదేళ్ళకోసారి మళ్ళీ కొలుస్తూ వచ్చారు. మొదటి రెండు గణనల్లో 5.5 సెంటీమీటర్ల లోపు కాండాల్ని 5 మిల్లీమీటర్ల మెట్టుకి దించి (23 మిల్లీమీటర్లుంటే 20 అని) రాశారు. 1990లో మాత్రం మిల్లీమీటరు దాకా కొలిచారు. పక్కపక్కన పెట్టి చూస్తే చిన్న చెట్లన్నీ ఒక్కసారిగా ఎదిగినట్టే కనిపించాలి. కానీ మొదట ఎలా రాశారో రాసి ఉంది కనుక, కొత్త అంకెల్నీ అలాగే దించి పోల్చుకోగలిగారు. పరికరాలు పెద్ద సంస్థల దగ్గర ఉంటాయనుకో, ఈ రాత అలవాటుకి మాత్రం డబ్బు అక్కర్లేదు, మీ కాలేజీ కూడా చేయగలదు.

వాలు గురించి ఒక్క మాట, ఎందుకంటే నువ్వు లెక్కల్లో తొందరపడతావు, నాకు తెలుసు. 400 చదరపు మీటర్ల గుండ్రటి ప్లాటుకి వ్యాసార్ధం 11.28 మీటర్లు. అది చదునుగా కొలిచే దూరం. 30 డిగ్రీల వాలు మీద నేలనంటి 11.28 లాగేస్తే ప్లాటు 13 శాతం చిన్నదవుతుంది, నీ అడవి అంత పల్చగా తేలుతుంది. పైకీ కిందికీ 13.03 లాగాలి. వాలు కొలిచే క్లైనోమీటర్‌లో డిగ్రీలు, శాతాలు రెండూ ఉంటాయి. 30 శాతం అంటే 17 డిగ్రీల లోపే.

అడవి, జంతువులు అని మట్టిని మాత్రం వదిలేయకు. చిన్నప్పుడు బురదలో చేతులు పెట్టొద్దంటే ఏడ్చేదానివి, ఇప్పుడు పెట్టమంటున్నాను. మట్టి ఏ రకమో తేల్చడానికి, రాళ్ళు ఏరేసి, గుప్పెడు మట్టి తడిపి, చెక్కపుట్టీలా మెత్తబడేదాకా పిసుకు. ముద్దే కట్టకపోతే ఇసుక. కడితే బొటనవేలితో చూపుడువేలి మీద నొక్కుతూ రిబ్బన్‌లా పైకి తోయి. 2.5 సెంటీమీటర్లకి ముందే తెగితే లోమ్ (ఇసుక, ఒండ్రు, బంక కలిసిన మట్టి) జాతి, 5 దాకా సాగితే క్లే లోమ్ (బంక ఎక్కువున్న లోమ్), దాటితే బంకమట్టి. సరిగ్గా పిసకకపోతే బంకమట్టి గుల్లలు చితకవు, లోమ్ అని రాసేస్తావు.

ఇప్పుడు నా బెంగ. ఒంటరిగా ఫీల్డుకి పోవద్దు. చిన్న కాలేజీలో మనుషులు తక్కువ, "ఈ ఒక్క ప్లాటేగా, నేనే చూసొస్తా" అనబుద్ధేస్తుంది. వద్దు. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో, రాకపోతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో రాసి ఒకరి చేతికివ్వు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు లేవంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది, టేపు అక్కడే వదిలేసి రా. చివరి ఉరుము విన్నాక 30 నిమిషాలు ఆగి గానీ వెనక్కి వెళ్ళకు. పారే నీళ్ళు మోకాలు దాటితే దిగకు. గాలి వీచే రోజు ఎండుకొమ్మల కింద నిలబడి కొలతలు రాసుకోకు, తల పైకెత్తి చూసి నిలబడు. ఇవన్నీ నీకు తెలుసంటావు. తెలిసినవాళ్ళే కదమ్మా ఇంకొక్క ప్లాటు అంటూ ఉండిపోయేది.

మీ నాన్నకి నేను నచ్చచెప్తాను. నువ్వు చూసుకోవాల్సింది నీ బూట్లు. కొత్తవి మొదటి ఫీల్డు రోజున వేసుకోకు, రెండు వారాల ముందునుంచే వేసి తిరుగు. కాలేజీ వాళ్ళు ప్లాటు కేటాయించగానే దాని వాలు డిగ్రీల్లో రాసి పంపు. ఎంత లాగాలో ముందు నువ్వే లెక్క కట్టు, నేను సరిచూస్తాను.

మీ అత్త